దొరికాడని కూడా చెప్పాలి

1984 జనవరిలో నేను హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో తప్పిపోయాను. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ చెయ్యి ఎక్కడ వదిలానో గుర్తు లేదు గానీ, కాశ్మీరు శాలువల దుకాణాల వరుసలో నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ల నడుములే తప్ప ముఖాలు కనిపించక, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండటం మాత్రం బాగా గుర్తుంది. అప్పటిదాకా స్తంభాలకు కట్టిన మైకుల్లో మోగుతున్న సినిమా పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక గొంతు ముందు తెలుగులో, తర్వాత ఉర్దూలో నా పేరు చెప్పి, నీలం చొక్కా వేసుకున్న ఏడేళ్ల పిల్లవాడని, కనిపిస్తే మైకు గది దగ్గరికి తీసుకురావాలని కోరింది. కంగారులో మా అమ్మ ఒక్క సంగతి మర్చిపోయింది. ఆ నీలం చొక్కా మీద చలికని గోధుమరంగు స్వెటర్ తొడిగింది తానే. శాలువలు అమ్మే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, వంగి, స్వెటర్ మెడను వేలితో కొద్దిగా పక్కకు జరిపి, లోపల నీలం కాలరు కనిపించాక నా పేరు అడిగాడు. తాను పేరు చెప్పి అవునా కాదా అనలేదు, నాతోనే చెప్పించాడు. ఆ తేడా ఎంత పెద్దదో నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు.

అమ్మ ఏడుస్తూ నవ్వుతూ నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది. అందరం బయటికి నడుస్తుండగా నాన్న ఆగిపోయి, మళ్లీ మైకు గదిలోకి వెళ్లారు. ఎందుకని అమ్మ విసుక్కుంటే, "ఎవరైనా ఇంకా వెతుకుతూ ఉంటారు కదే, పాపం" అన్నారు. కాసేపటికి పాట మళ్లీ ఆగింది. నీలం చొక్కా బాబు తల్లిదండ్రుల దగ్గరికి చేరాడని, వెతికిన వారందరికీ ధన్యవాదాలని అదే గొంతు చెప్పింది.

టీవీలో నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి, ఒక పిల్లవాడిని ఎవరో ఎత్తుకుపోతున్నారు, ఇదిగో ఫొటో, ఇదిగో బండి నంబరు అని చెప్పే ఏర్పాటు మన దగ్గర కూడా ఉండాలా అనే ప్రశ్న ఏదో ఒక పిల్లవాడు మాయమైన ప్రతిసారీ లేస్తుంది. ఉండాలనే నేను అంటాను. కానీ నుమాయిష్ మైకుకు ఉన్న రెండు లక్షణాలు దానికి లేకపోతే, అది లేకపోవడమే మేలని కూడా అంటాను. ఆ మైకు గొంతు పిల్లవాడు నడిచి వెళ్లగలిగినంత మేరకే వినిపించింది. పిల్లవాడు దొరికాక ఆ మాట కూడా అదే గొంతు చెప్పింది.

ఈ ఏర్పాటు మొదట పుట్టింది అమెరికాలో. 1996 జనవరి 13న టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో సైకిలు తొక్కుకుంటున్న అంబర్ అనే తొమ్మిదేళ్ల పాపను ఒక వ్యక్తి పికప్ ట్రక్కులోకి లాక్కుని వెళ్లిపోయాడు. అది చూసిన పొరుగాయన ఒకరు పోలీసులకు ఫోన్ చేసి ట్రక్కు రంగు, మనిషి పోలికలు చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత పాప శవం ఒక వాగులో దొరికింది. పోలీసుల దగ్గర వివరాలు ఉన్నాయి, ఆ దారిలో వందలాది బండ్లు తిరుగుతున్నాయి, కానీ ఈ వివరాలు ఆ బండ్లలో ఉన్నవాళ్ల చెవిన పడే దారి లేదు. అప్పుడు ఆ ప్రాంతంలోనే ఉండే ఒక మహిళ రేడియో స్టేషన్‌కు ఫోన్ చేసి, సుడిగాలి వస్తోందంటే కార్యక్రమాలు ఆపి చెబుతున్నారు కదా, పిల్లల్ని ఎత్తుకుపోతే ఎందుకు చెప్పరు అని అడిగింది. డల్లాస్ ప్రాంతపు రేడియో కేంద్రాలు ఆ మాట పట్టుకున్నాయి. తర్వాత టీవీలు, రహదారుల మీది బోర్డులు, చివరికి సెల్‌ఫోన్లు ఆ వరుసలో చేరాయి. పాప పేరే ఆ హెచ్చరికకు స్థిరపడింది. ఆమెను చంపినవాడు ఎవరో మాత్రం తేలలేదు.

ఆ ఆలోచన వెనుక ఉన్న లెక్క కర్కశమైనది. అపహరించి చంపిన పిల్లల కేసులను వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం పరిశీలించినప్పుడు, వాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మొదటి మూడు గంటల్లోనే ప్రాణాలు కోల్పోయారని తేలింది. అపహరణకు గురైన పిల్లలందరి గురించిన లెక్క కాదిది, హత్యకు గురైన వారి గురించి మాత్రమే. ఈ తేడా చెప్పకుండా మూడు గంటల మాటను మాత్రం భయపెట్టడానికి వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మూడు గంటలే ఈ ఏర్పాటుకు ఎదురు వాదన కూడా అయింది. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ గ్రిఫిన్ అనే పరిశోధకుడు, ఫలించాయని చెప్పుకునే హెచ్చరికల్లో ఎక్కువ భాగం విడిపోయిన భార్యాభర్తల్లో ఒకరు తమ బిడ్డను తామే తీసుకుపోయిన కేసులని, వాటిలో ప్రాణాపాయం సాధారణంగా తక్కువని, నిజంగా ప్రాణం తీసే అపరిచితుడి విషయంలో మాత్రం హెచ్చరిక వెలువడేసరికే ఆలస్యమైపోతుందని వాదించాడు. దీన్నంతా నేర నియంత్రణ పేరుతో సాగే నాటకం అన్నాడు. కాదనడానికి నా దగ్గర పెద్ద ఆధారమేమీ లేదు.

కానీ మన నగరంలో నేరం వేరు. ఇక్కడ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లలో చాలామందికి పిల్లలు ప్రాణాలతోనే కావాలి. సంతానం లేదనో, అమ్ముకోవడానికో, బిచ్చమెత్తించడానికో, పనిలో పెట్టడానికో తీసుకుపోతారు. తీసుకుపోయేది కూడా సొంత కారులో కంటే బస్సులో, రైల్లో, ఆటోలో, అంటే నలుగురి మధ్యన. 2018 జులైలో కోఠీలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి నుంచి ఆరు రోజుల పసిపాపను ఒక మహిళ తీసుకుపోయింది. పోలీసులు సీసీ కెమెరాల దృశ్యాలు పట్టుకుని, ఆమె ఎక్కిన బస్సు ఏ వైపు పోయిందో చూసి, వెంటపడ్డారు. రెండు రోజులు తిరగకముందే పాప కర్ణాటకలోని బీదర్‌లో, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో క్షేమంగా దొరికింది. ఇలాంటి నేరంలో పసిబిడ్డ ఫొటో వల్ల ఏ ఉపయోగమూ లేదు. ఆరు రోజుల పిల్లలందరూ చూసేవారికి ఒకేలా ఉంటారు. బిడ్డను ఎత్తుకున్న మనిషి పోలికలు, ఆమె కట్టు, ఎక్కిన బస్సు, అది ఆగే ఊళ్లు, ఇవి పనికొస్తాయి. అపరిచితుడు గంటల్లో ప్రాణం తీస్తాడన్న భయంతో పుట్టిన ఏర్పాటు ఇది. బిడ్డను సజీవంగా దూరం తరలించే నేరానికే అది ఎక్కువ అక్కరకొస్తుందని నాకనిపిస్తుంది.

టీవీ ఎవరు చూస్తున్నారు, అందరూ ఫోన్లే కదా అని ఎవరైనా అనవచ్చు. ఇళ్లలో సంగతి ఏమో గానీ, ఇరానీ హోటల్లో గల్లాపెట్టె పైన, టిఫిన్ సెంటర్లో మూలన, ఆసుపత్రి వరండాలో, హైవే పక్కన దాబాలో, బస్టాండులో ఇప్పటికీ టీవీ నడుస్తూనే ఉంటుంది. ఫోను చూసేవాడి తల వంగి ఉంటుంది, గోడ మీది తెర చూసేవాడి తల ఎత్తి ఉంటుంది. తప్పిపోయిన పిల్లవాడు ఎదుటి నుంచి నడిచిపోతే చూడగలిగేది రెండోవాడే.

అసలు కష్టం మరోచోట ఉంది. కార్యక్రమానికి అంతరాయం కలిగించాలంటే, అంతరాయం లేని కార్యక్రమం ఒకటి ఉండాలి కదా. నా చిన్నప్పుడు దూరదర్శన్‌లో బొమ్మ ఆగిపోతే, అంతరాయానికి చింతిస్తున్నామని ఒక అట్ట చూపించేవారు. ఆ అట్ట కనిపించగానే ఇంట్లో అందరం మాట్లాడటం ఆపి తెర వైపు చూసేవాళ్లం. ఇప్పుడు మన వార్తా ఛానెళ్లలో అంతరాయం తప్ప మరేమీ లేదు. పైన ఎర్ర పట్టీ, కింద రెండు వరుసల స్క్రోలింగ్, ఎడమవైపు నగల దుకాణం ప్రకటన, మధ్యలో గడియారం ముల్లులా కొట్టుకునే సంగీతం, పది నిమిషాలకోసారి సైరన్ మోత, ఆ సైరన్ తర్వాత ఎవరో హీరో విమానాశ్రయంలో కనిపించాడన్న వార్త. ఈ హోరులో నిజంగానే ఒక బిడ్డ కోసం సైరన్ మోగించినా తల తిప్పేదెవరు? అమెరికాలో ఆ అత్యవసర శబ్దాన్ని వేరే అవసరాలకు వాడటం నేరం. ఒక సినిమా ప్రచార చిత్రంలో ఆ శబ్దాలను వినిపించినందుకు 2014లో అక్కడి సమాచార నియంత్రణ సంస్థ 3 పెద్ద టీవీ సంస్థల మీద కలిపి 19 లక్షల డాలర్లకు పైగా జరిమానాకు దిగింది. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. హెచ్చరిక పద్ధతులు రాసుకోవడానికి ముందు, మరే వార్తకూ వాడకూడని ఒక శబ్దాన్ని, ఒక రంగును, తెర మీద ఒక చోటును పక్కన పెట్టాలి. చట్టానికి ఇది కొత్తేమీ కాదు. ఉపగ్రహ ఛానెళ్ల ప్రసారాలకు కేంద్రం పెట్టిన 2022 నాటి అప్‌లింకింగ్ మార్గదర్శకాలు ప్రైవేటు ఛానెళ్లను, కొన్ని మినహాయింపులతో, రోజుకు అరగంట ప్రజాప్రయోజన అంశాలు ప్రసారం చేయమంటున్నాయి. అరగంట అడగగలిగిన ప్రభుత్వం ఏడాదికి నాలుగైదు సార్లు ఒక నిమిషం అడగలేదా?

నాలుగైదు సార్లు అన్న మాట పొరపాటున రాలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 83 వేల మందికి పైగా పిల్లలు తప్పిపోయారు. అంటే రోజుకు సుమారు 228 మంది. ప్రతి పేరుకూ టీవీ ఆపితే, సగటున ఆరు నిమిషాలకోసారి ఆపాలి. రెండో రోజుకే ఎవరూ చూడరు. అంతకంటే ముఖ్యమైన సంగతి, వారిలో సుమారు 63 వేల మంది అమ్మాయిలు. తప్పిపోయారని ఇంట్లోవాళ్లు ఫిర్యాదు ఇచ్చిన 16, 17 ఏళ్ల అమ్మాయిల్లో ఇష్టపడిన అబ్బాయితో వెళ్లిపోయినవాళ్లూ ఉంటారు, ఇంట్లో కొట్టే తండ్రి నుంచో తాకే బంధువు నుంచో పారిపోయినవాళ్లూ ఉంటారు. అలాంటి అమ్మాయి ఫొటోను రాష్ట్రంలోని ప్రతి తెర మీదా వేసి, కనిపిస్తే చెప్పండని అడిగితే, మనం ఎవరి తరఫున వెతుకుతున్నట్టు? పరువు కోసం కన్నబిడ్డనే చంపుకున్న ఇళ్లున్న సమాజం మనది. ఆ హెచ్చరిక వేటగాడికి ఇచ్చిన దీపమవుతుంది.

ఈ మాట నేను మా బావతో అన్నప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు చెప్పడం తేలిక. ఆ సాయంత్రం నన్నడిగితే దేశంలో ఉన్న టీవీలన్నీ ఆపమనేవాడిని" అన్నారు. ఆ సాయంత్రం సంగతికి వస్తాను. తండ్రి అలా అనడంలో తప్పు లేదు. అందుకే ఆ నిర్ణయం తండ్రి చేతిలో ఉండకూడదు. ఛానెల్ చేతిలో అసలే ఉండకూడదు.

ఫ్రాన్సు ఈ విషయంలో పిసినారి. 2006లో ఆ దేశం పెట్టుకున్న అపహరణ హెచ్చరికకు 4 షరతులు ఉన్నాయి. జరిగింది అపహరణేనని రూఢి కావాలి, బాధితులు మైనర్లు కావాలి, ప్రాణానికో శరీరానికో ముప్పు ఉండాలి, జనానికి చెబితే ఆచూకీ దొరికేందుకు పనికొచ్చే వివరం చేతిలో ఉండాలి. హెచ్చరిక ఇవ్వడం వల్లనే బిడ్డకు ప్రమాదం పెరుగుతుందనుకుంటే ఇవ్వరు. నిర్ణయం న్యాయశాఖతో సంప్రదించి ప్రాసిక్యూటర్ తీసుకుంటాడు. ఇచ్చాక మాత్రం టీవీలు, రేడియోలు పావుగంటకోసారి చొప్పున మూడు గంటలు చెబుతాయి. అక్కడ ఇన్నేళ్లలో ఇది మోగిన సందర్భాలు చాలా కొద్ది. మోగినప్పుడు జనం చూస్తారు. అరుదుగా మోగడమే దాని బలం.

ఇక పొలిమేర సంగతి. పూర్వం ఊళ్లో ఎవరి పిల్లవాడైనా కనిపించకపోతే డప్పు కొట్టించి చాటింపు వేయించేవారు. ఆ చాటింపు ఊరి పొలిమేర దాకానే. పొరుగూరికి వేరే మనిషిని పంపేవారు. ఉపగ్రహ టీవీకి ఆ పొలిమేర లేదు. కూకట్‌పల్లిలో పాప తప్పిపోతే అదే బొమ్మ అదే క్షణంలో శ్రీకాకుళంలోనూ, దుబాయ్‌లోనూ కనిపిస్తుంది. 2018 మే నెలలో కెనడాలోని థండర్ బే నగరంలో ఒక బాలుడి కోసం ఇచ్చిన హెచ్చరిక, రోడ్డు దారిన వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న టొరొంటోవాసుల ఫోన్లలోనూ మోగింది. ఇంత దూరాన మేమేం చేయగలమని వాళ్లు విసుక్కున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో టొరొంటో పక్కనే బ్రాంప్టన్‌లో పదకొండేళ్ల పాప కోసం రాత్రి పొద్దుపోయాక హెచ్చరిక మోగితే, నిద్ర చెడగొట్టారని అత్యవసర నంబరుకే ఫోన్ చేసి పోలీసులను తిట్టినవాళ్లు ఉన్నారు. ఆ హెచ్చరిక చూసిన ఒకరు బండిని గుర్తుపట్టడం వల్లే నిందితుడు పట్టుబడ్డాడు. పాప మాత్రం దక్కలేదు. రెండో సంఘటనలో విసుక్కున్నవాళ్లను నేను క్షమించలేను. కానీ వారి విసుగుకు విత్తనం మొదటి సంఘటనలోనే పడిందేమోనని నా అనుమానం. తనకు సంబంధం లేని పిలుపును ఒకసారి విన్నవాడు, సంబంధం ఉన్న పిలుపును కూడా సగం చెవితోనే వింటాడు.

అలాగని జిల్లా గీత దగ్గరో రాష్ట్ర గీత దగ్గరో ఆపేస్తే కుదరదు. కోఠీ పాప కోసం తెలంగాణ వరకే చాటి ఉంటే, ఆ చాటింపు జహీరాబాద్ దాటగానే ఆగిపోయేది. పాప దొరికింది ఆ అవతల. పొలిమేరను కిలోమీటర్లలో గాక గంటల్లో కొలవాలి. మొదటి గంటలో బస్తీ, చుట్టుపక్కల బస్సు స్టాపులు, ఆటో స్టాండ్లు. రెండో గంటలో ఆ వైపు నుంచి బయల్దేరిన బస్సులు, రైళ్లు ఎక్కడిదాకా వెళ్లి ఉంటాయో అక్కడిదాకా. నాలుగో గంటకు బీదర్, కర్నూలు, నాందేడ్, విజయవాడ. ఇది సాధ్యమేనా అంటే, సగం పరికరం మన జేబుల్లోనే ఉంది. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా వింతగా మోగి, ఇది పరీక్ష కోసం పంపిన అత్యవసర సందేశం, కంగారు పడవద్దని తెర మీద కనిపించిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆఫీసులో మా పక్కసీటు ఆయన ఫోన్ పేలుతుందేమోనని దూరంగా విసిరేశాడు. ఎంచుకున్న టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకు మాత్రమే సందేశం పంపగల పద్ధతి అది, విపత్తుల కోసం సిద్ధం చేసింది. దగ్గరి చాటింపు ఆ ఫోన్ల పని. ముఖం చూపించాల్సి వచ్చినప్పుడు, పిల్లవాడు దూరం వెళ్లిపోయాడని అనుమానం వచ్చినప్పుడు టీవీ పని మొదలవుతుంది. మొదటి నిమిషం నుంచే టీవీ ఆపాలనే వాదన నాకు అందుకే రుచించదు.

అధికారిక హెచ్చరిక అంటూ ఒకటి ఉంటే పుకార్లకు చోటు తగ్గుతుందని నా ఆశ. 2018 మేలో వాట్సాప్‌లో తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాడిని తిరిగి దించి, జాగ్రత్త అని అట్ట చూపించే భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. అలాంటి వీడియోలు, ముఠాలు దిగాయన్న ఆడియోలు ఊరూరా తిరిగిన ఆ నెలలోనే పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్లలోకి డప్పు కళాకారులను, పాటగాళ్లను పంపి, ఆ వీడియోలు నమ్మవద్దని చాటించారు. చాటింపుకు చాటింపే విరుగుడు అయింది. అయితే అధికారిక హెచ్చరిక కూడా మాట జారితే అంతే ప్రమాదం. పట్టుకోండి అన్న మాట అందులో ఉండకూడదు. వేషం, భాష, కులం, మతం ఊహించి చెప్పకూడదు. బండి నంబరు, బట్టల రంగు, చివరిసారి కనిపించిన చోటు చెప్పి, కనిపిస్తే దగ్గరికి పోకుండా 100కో 112కో ఫోన్ చేయమనాలి. శాలువల పెద్దాయనలా, పేరు చెప్పకుండా పేరు అడిగే పద్ధతి జనానికి అలవాటు చేయాలి.

ఇప్పుడు ఆ సాయంత్రం. 2019 ఆగస్టులో మా అక్క కొడుకు, అప్పుడు పన్నెండేళ్లవాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్‌కని వెళ్లి తిరిగి రాలేదు. లెక్కల్లో మార్కులు తక్కువ వచ్చిన సంగతి ఇంట్లో తెలుస్తుందని భయపడి, ఎల్బీ నగర్‌లో సూర్యాపేట బస్సు ఎక్కాడు. తాతయ్య దగ్గరికి. ఏడు గంటలకు అక్క, బావ పోలీస్ స్టేషన్లో ఉన్నారు. ఫిర్యాదు వెంటనే తీసుకున్నారు. 2013లో సుప్రీంకోర్టు పిల్లలు తప్పిపోయిన ప్రతి కేసులోనూ ఎఫ్ఐఆర్ రాయాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే భావించి మొదలుపెట్టాలని చెప్పింది కాబట్టి, రేపటిదాకా చూద్దామన్న పాత మాట ఎవరూ అనలేదు. ఎనిమిదింపావుకు, బస్సు నకిరేకల్ దాటుతుండగా, పుస్తకాల సంచితో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడిని కండక్టర్ పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా అడిగి, తాతయ్య ఫోన్ నంబరు చెప్పించాడు. తొమ్మిది గంటలకల్లా పిల్లవాడు సూర్యాపేటలో పెరుగన్నం తింటున్నాడు.

కానీ ఏడున్నర దాటాక ఒక ఛానెల్, కిడ్నాప్ కలకలం అంటూ వాడి ఫొటో, పేరు, బడి, మా బావ సెల్ నంబరు తెర మీద వేసేసింది. ఎవరు ఇచ్చారో తెలియదు. బహుశా సాయం చేయాలనుకున్న బంధువే ఎవరో ఇచ్చి ఉంటారు. పది గంటలకు మేం ఫోన్ చేసి, పిల్లవాడు దొరికాడండీ, తీసేయండి అని బతిమాలితే, డెస్కులో ఉన్నాయన చెబుతాం చెబుతాం అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా స్క్రోలింగ్ నడిచింది. ఆ రాత్రి బావ ఫోనుకు మీవాడు మా దగ్గరే ఉన్నాడు, యాభై వేలు పంపండి అని 3 కాల్స్ వచ్చాయి. అప్పటికి పిల్లవాడు తాతయ్య పక్కన నిద్రపోతున్నాడు కాబట్టి సరిపోయింది. దొరక్కముందే ఆ కాల్స్ వచ్చి ఉంటే మా అక్క గాజులు అమ్మి పంపేది.

ఇంకొక మాట. బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలల, బాధిత బాలల పేరు, బడి, ఫొటో, ఆనవాళ్లు పత్రికల్లో గానీ టీవీలో గానీ వెల్లడించకూడదు. వెల్లడిస్తే 6 నెలల దాకా జైలు గానీ, 2 లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. పిల్లల మేలు కోసమైతే బాలల సంక్షేమ సమితి అనుమతి ఇవ్వవచ్చు. అంటే అదే ముఖాన్ని వెతికే గంటలో అందరికీ చూపించాలి, దొరికిన గంట నుంచి ఎవరికీ చూపించకూడదు. ఈ మలుపు ఎవరు తిప్పాలి, ఏ నిమిషంలో తిప్పాలి అన్నది ముందే రాసిపెట్టుకోని వ్యవస్థ పిల్లల్ని వెతికి ఇస్తుందేమో గానీ, వాళ్ల ముఖాన్ని వాళ్లకు తిరిగి ఇవ్వదు. హెచ్చరికకు ఒక సంఖ్య ఉండాలి, ముగిసే సమయం ఫొటో మీదే అచ్చయి ఉండాలి, ఎన్నిసార్లు ఏ వేళల్లో వేశారో దొరికారన్న మాటను కూడా అన్నిసార్లు అవే వేళల్లో, ఈసారి ఫొటో లేకుండా వేయాలి. కుటుంబం ఫోన్ నంబరు ఎప్పటికీ వేయకూడదు. ఇవేవీ లేకుండా టీవీ ఆపే అధికారం ఎవరికీ ఇవ్వకూడదని నేనంటాను.

టీవీ ఆపాల్సినంత అత్యవసరం కాని వేలమంది పిల్లల మాటేమిటంటే, వాళ్ల కోసం గట్టిగా అరిచే గొంతుకంటే ఓపికగా పోల్చిచూసే కన్ను కావాలి. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు చేసే గాలింపు అలాంటిది. తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన దర్పణ్ యాప్ తప్పిపోయిన పిల్లల ఫొటోలను సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలతో పోలుస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుడిని అది 2020లో అస్సాంలోని గోల్పారాలో గుర్తించింది. ఐదేళ్ల తర్వాత దొరికిన ఆ పిల్లవాడికి ఏ సైరనూ అక్కర్లేకపోయింది. అయితే ముఖాలను పోల్చే యంత్రం పోలీసుల చేతిలో ఇంకా వేటికి పనికొస్తుందన్న దిగులు నాకూ ఉంది. అది మరో వ్యాసం.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి ఫొటో, పెద్ద అక్షరాల్లో పైన కనబడుటలేదు అన్న మాటతో, ఇన్నేళ్ల తర్వాత కూడా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఇంటర్‌లో తోటి పిల్లల గ్రూపులోకి కూడా వచ్చింది. అప్పటి నుంచి కాలేజీలో "కనబడుటలేదు" అన్నదే వాడి పేరైపోయింది. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు ఆ మాట అంటారట. వాడు నవ్వేస్తాడు, లేదా నవ్వేస్తానని మాతో చెబుతాడు.

బావ కొత్త నంబరు తీసుకున్నారు. పాత సిమ్ మాత్రం పారేయలేదు. బీరువా పైన ఒక చిన్న బటన్ల ఫోనులో అది ఉంటుంది, ఆదివారం ఆదివారం చార్జింగ్ పెడతారు. ఏడాదికి రెండు మూడుసార్లు మోగుతుంది. ఖమ్మం నుంచో, నిజామాబాద్ నుంచో, ఓసారి సోలాపూర్ నుంచి కూడా, ఎవరో గాబరాగా, మీ బాబును ఇక్కడ బస్టాండులో చూశామండీ అంటారు. బావ లేచి వరండాలోకి వెళ్లి, ఎంత పనిలో ఉన్నా తొందరపడకుండా చెబుతారు: "దొరికాడండీ. చాలా రోజులైంది. మీరు ఫోన్ చేసినందుకు చాలా సంతోషం. మీ ఫోన్లో ఆ ఫొటో ఉంటే తీసేయండి. మీకు పంపినవాళ్లకు కూడా చెప్పండి."